నాలా గొంతు

రెండువేల ఒకటి ఎండాకాలంలో అమీర్‌పేటలో కంప్యూటర్ నేర్చుకోని ఇంజనీరు ఎవరైనా మిగిలి ఉంటే అది నేనొక్కదాన్నే అయ్యుండాలి. నాతో సివిల్ చదివినవాళ్ళంతా మైత్రీవనంలో జావా క్లాసులకు పోయి, కుర్చీ దొరక్కపోతే గోడకు ఆనుకుని నిలబడి రాసుకుంటున్నారు. బీకాం చదివిన మా అన్న ఫహాద్ కూడా ఒరాకిల్‌లో చేరాడు. నేను మాత్రం మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో కాంట్రాక్టు ఇంజనీరుగా చేరి, చున్నీ తలకు బిగించి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని నాలాల్లో దిగుతున్నాను. మురుగు కొలవడానికా అతియా ఇంత చదివింది అని చుట్టాలు అడిగేవాళ్ళు. అవునని చెప్పేదాన్ని. మురుగు అందరిదీ. ఎవరో ఒకరు కొలవాలి కదా.

ఆ ఉద్యోగం ఊరికే పుట్టలేదు. అంతకు ముందు ఏడు ఆగస్టులో పడిన వాన మా గల్లీలో ఎవరూ మరిచిపోయేది కాదు. తెల్లవారేసరికి నాలా ఇళ్ళలోకి వచ్చింది. మా నాన్న దిలావర్‌ది మోటార్ వైండింగ్ పని. ముందు షాపు, దాని వెనక మేముండే ఇల్లు, ఇంటి వెనక నాలాలోకి స్తంభాలు దించి కట్టిన ఒక రేకుల గది. ఆ గది కొట్టుకుపోయింది. మాకంటే ఎగువన పల్లంలో ఉన్న గుడిసెల గల్లీ మొత్తం మునిగింది. మా నాన్న, నాలాకు ఎదురొడ్డున కాంప్లెక్స్ ఉన్న హనుమాండ్లు ఇద్దరూ నడుములకు ఒకే తాడు కట్టుకుని ఆ నీళ్ళలో దిగారు. గుడిసెల కప్పులు పట్టుకుని వేలాడుతున్నవాళ్ళను ఒక్కొక్కరినే తెచ్చి గట్టున పడేశారు. పూలమ్మే బుచ్చమ్మను హనుమాండ్లే భుజాన వేసుకుని తీసుకొచ్చాడు. ఆమె భర్త మాత్రం చేతికి అందలేదు. నీళ్ళు తీశాక కల్వర్టు అవతల దొరికాడు.

ఆ తర్వాతే ఆఫీసులో కదలిక వచ్చింది. సర్కిల్‌లో ఉన్న ప్రతి నాలా, కల్వర్టు, రోడ్డు, పంపుహౌసు ఎంత వానకు నిలుస్తుందో, ఎంత వానకు చేతులెత్తేస్తుందో చూసి, ముందు బాగుచేయాల్సినవి తేల్చమన్నారు. ఆ పనికే నన్ను తీసుకున్నారు. నా పై అధికారి, డి.ఇ. రామ్మోహనరావు గారు గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు. చేరిన రోజు నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు.

"ఇవన్నీ పాత వానలకు కట్టినవమ్మా. ఇప్పుడు వాన తీరు మారింది. నెల్లాళ్ళు పడాల్సింది ఒక్క పూటలో పడుతోంది. మనం బాగుచేసేది నిన్నటి వానకి కాదు, రాబోయే వానకి."

ఆ మాట నాకు నచ్చింది. ఫిబ్రవరి నుంచి ఎండలో తిరిగి కొలిచాం. కొలిచిన కొద్దీ ఒక చోటు మళ్ళీ మళ్ళీ ముందుకొచ్చేది. పైనుంచి వెడల్పుగా వచ్చే నాలా మెయిన్ రోడ్డు కల్వర్టుకు కాస్త ముందు గొంతు నొక్కినట్టు సన్నబడుతుంది. అక్కడ ఆగిన నీళ్ళు వెనక్కి తన్ని పల్లపు గల్లీలోకి పోతాయి. ఎంత పెద్ద కల్వర్టు కట్టినా, ఎన్నిసార్లు పూడిక తీసినా, ఆ గొంతు విప్పనిదే లాభం లేదు.

ఆ గొంతుకు ఒక పక్క హనుమాండ్లు కాంప్లెక్స్ సెల్లార్‌కు దిగే ర్యాంపు. సెల్లార్‌ను కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చాడు. వరద తర్వాత నీళ్ళు లోపలికి రాకుండా ర్యాంపు గోడను నాలాలోకి ఇంకా జరిపి, ఎత్తు పెంచి కట్టాడు. తనను తాను కాపాడుకున్నాడు, ఆ నీళ్ళు ఎవరింట్లోకో పోతాయి. రెండో పక్కన మా గది. కొట్టుకుపోయిన రేకుల గది ఉన్న చోటే ఫహాద్ ఇటుక గోడలు లేపి, పైన కొత్త రేకులు వేయించాడు. జూన్‌లో అతని పెళ్ళి. పెళ్ళికూతురు జువేరియా టోలీచౌకి పిల్ల. ఆ గది వాళ్ళిద్దరిది.

అది మా ఇల్లే సార్ అని రామ్మోహనరావు గారికి మొదటిరోజే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, ఆ ముక్క వరకు ఇంకెవరినైనా పంపిస్తానన్నారు. ఇంకెవరున్నారని అడిగాను. ఎవరూ లేరు. కూల్చాల్సిన చోటుకు హద్దు గీత ఎక్కడ పడాలో ఆయన, నేను రెండుసార్లు లెక్క వేసుకున్నాం. రెండు పక్కలా సమానంగా వెనక్కి పోవాలి. మా గది మొత్తం పోతుంది. ర్యాంపు, దాని గోడ మొత్తం పోతాయి.

ఆ సంగతి బయటికి పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం హనుమాండ్లు మా షాపుకు వచ్చాడు. తెల్ల లాల్చీ, చేతిలో మామిడిపళ్ళ బుట్ట. నాన్న స్టూలు వేశాడు, అమ్మ చాయ్ పంపింది. వాళ్ళిద్దరికీ చిన్ననాటి దోస్తీ. పెళ్ళి ఏర్పాట్లు, ఎండలు, కరెంటు కోతలు అన్నీ మాట్లాడాక అసలు మాట తీశాడు. గీత రెండు వైపులా జర నాలా లోపలికి జరిగితే నీ గది ఉంటది, నా ర్యాంపు ఉంటది, పైన నేను మాట్లాడుకుంటా, మీ బిడ్డకు నువ్వు చెప్పు అన్నాడు. నేను లోపలి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను.

మరి పల్లపు గల్లీ సంగతేమిటని నాన్న అడిగాడు.

"గా గల్లీ ఎట్లైనా మునుగుతది భాయ్," అన్నాడు హనుమాండ్లు. "ఎన్నడు మునగలే?"

నాన్న చేతిలో ఉన్న రాగితీగ చుట్టను కింద పెట్టాడు. చాయ్ తాగిన కప్పులు తీసి లోపల పెట్టి వచ్చాడు. అతను వెళ్ళాక మళ్ళీ రాగితీగ చేతిలోకి తీసుకున్నాడు. మా ఇంట్లో మాట్లాడేది దక్నీ, ఇక్కడ తెలుగులో చెప్తున్నాను. అన్నం దగ్గర అమ్మే అంది, నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ మీద రొట్టెలు పెడుతూ.

"పరాయి గుడిసెల కోసం ఇంటికొచ్చే కోడలిని రోడ్డు మీద నిలబెడతావా అతియా?"

నా ఉద్యోగం అదేనన్నాను. ఇల్లు కూల్చే ఉద్యోగమా అన్నాడు ఫహాద్. నీ పెళ్ళయ్యాక ఎట్లాగూ వెళ్ళిపోతావు, ఇక్కడ బతకాల్సింది మేము, అందరూ రెండు చేతులా కట్టుకుంటుంటే మనమే ఎందుకు సత్యవంతులం కావాలి అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. ఆ నాలా పొడవునా ఎవరికి అందినంత వాళ్ళు కట్టుకున్నారు. కానీ బుచ్చమ్మ భర్తను కల్వర్టు అవతల నుంచి తెచ్చినప్పుడు ఆయన చేతిలో ఇంకా గుడిసె వెదురుబొంగు ఉంది. అది నేను చూశాను, ఫహాద్ కూడా చూశాడు. ఆ మాట అన్నాను. ఫహాద్ రొట్టె వదిలేసి లేచిపోయాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు.

గీత గీసే మార్కింగ్‌కు ముందురోజు రామ్మోహనరావు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. మొహం చూస్తేనే తెలిసింది.

"పైనుంచి ఫోన్ వచ్చిందమ్మా. రెండు పక్కలా కొంచెం సర్దుదాం. మీ ఇల్లూ నిలుస్తుంది."

"నీళ్ళకు కూడా ఎవరైనా ఫోన్ చేశారా సార్?" అన్నాను.

ఆయన నొచ్చుకున్నారు. నువ్వు కాంట్రాక్టు మనిషివి, తీసేయడానికి ఒక్క సంతకం చాలు అన్నారు, బెదిరింపుగా కాదు, బాధగానే. తీసేయమనండి, అప్పటిదాకా గీత నేనే గీస్తాను అన్నాను. రాబోయే వానకి కట్టాలని చెప్పింది మీరే కదా సార్ అని కూడా అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. నేను వచ్చేశాను. గీత ఒక్క అంగుళం జరపకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను.

మరునాడు పొద్దున ఆఫీసుకు పోయి, ఇద్దరు మేస్త్రీలను, ఎర్ర పెయింటు డబ్బాను తీసుకుని గల్లీకి తిరిగొచ్చేసరికి మా షాపు ముందు జనం. రోడ్డు మీద మోటార్లు వరసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన ఫహాద్ పెళ్ళికి కొన్న కొత్త మంచం, అద్దాల బీరువా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడప మీద కూర్చుంది. ఇంటి పక్క సందులోంచి చూస్తే వెనక గది మీద నాన్న. అప్పటికే సగం రేకులు దించేశాడు. లుంగీ ఎగగట్టి, గడ్డపారతో ఇటుక గోడను పైనుంచి పొడుస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు ఆయనకు. నేనైతే అసలే చెప్పలేదు. సర్కారు మనుషులొచ్చి కూల్చే దాకా ఆగితే, కాంప్లెక్స్‌ను తప్పుపట్టే జనం సొంతిల్లు కాపాడుకుంటోందని నన్నూ వేలెత్తి చూపిస్తారని ఆయనకు తెలుసు. అందుకే ముందే మొదలుపెట్టాడు.

నేను కింద నిలబడిపోయాను. ఆయన చెమట తుడుచుకుని కిందికి చూశాడు.

"నీ గీత ఎక్కడ పడాల్నో అక్కడ గీయి బేటా. నా దిక్కు చూడకు."

మళ్ళీ గడ్డపార ఎత్తాడు. ఫహాద్ బీరువాకు ఆనుకుని నేల చూస్తూ నిలబడి ఉన్నాడు. నేను మా ఇంటి వెనక గడప పక్కనే నేల మీద ఎర్రగీత గీసి, మేస్త్రీలను తీసుకుని కాలివంతెన మీదుగా ఎదురొడ్డుకు పోయాను.

హనుమాండ్లు ర్యాంపు మొదట్లో నలుగురైదుగురితో నిలబడి ఉన్నాడు. నా మీద అరవలేదు. చిన్నప్పుడు బోనాల పండక్కి నన్ను తన భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన సంగతి గుర్తుచేశాడు. అది నిజమే.

"మరిచిపోలేదు చాచా. జర పక్కకు జరుగు," అన్నాను.

అతను జరగలేదు. అతని మనిషి ఒకడు మేస్త్రీ చేతిలోని డబ్బాను తన్నాడు. పెయింటు ర్యాంపు మీద ఒలికి కిందికి జారింది. మేస్త్రీలు వెనక్కి తగ్గారు. నేను కుంచెను ఆ ఒలికిన పెయింటులోనే ముంచి, వంగి, గోడ మొదలు నుంచి గీయడం మొదలుపెట్టాను. నన్ను ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ముట్టుకుంటే ఏం చేసేదాన్నో నాకూ తెలియదు. గీత వంకరగా వచ్చింది, కానీ పడాల్సిన చోటే పడింది.

అప్పుడే జీపు వచ్చి ఆగింది. రామ్మోహనరావు గారు దిగారు. హనుమాండ్లు ఆయనకు ఎదురెళ్ళి, నిన్న ఒకటి చెప్పి ఇయ్యాల ఇదేందని అడిగాడు. రామ్మోహనరావు గారు నాలా అవతలికి చూశారు. అక్కడ మా నాన్న పొడుస్తున్న గోడ ఒక పెళ్ళగా విరిగి నాలాలో పడింది. ఆ చప్పుడు అణిగే దాకా చూసి, ఈ పక్కకు తిరిగారు.

"కొలత సరిగ్గానే ఉందండి," అన్నారు. అంతే.

గీత పడగానే గోడ పడిందనుకోకూడదు. కొద్దిరోజుల్లోనే కాంప్లెక్స్ వైపు కోర్టు స్టే వచ్చింది. మా వైపు ఖాళీ, వాళ్ళ వైపు గోడ అట్లాగే. ఫహాద్ నాతో మాట్లాడడు గానీ, నాకు వినబడేట్టు అమ్మతో అనేవాడు, ఇల్లు పోయింది మనదే చూడు అని. నిజాయితీగా ఉన్నవాడిది ముందు కూలుతుందని నాకూ కడుపు మండేది. గల్లీలో కొందరు నవ్వారు. ఆ నవ్వు నాన్న చెవిన పడినా పట్టించుకోలేదు, మోటార్లు చుడుతూ కూర్చున్నాడు.

అప్పుడు కదిలింది బుచ్చమ్మ. ఒకరోజు పొద్దున్నే పల్లపు గల్లీ ఆడవాళ్ళంతా నులక మంచాలు, చాపలు, మంచినీళ్ళ బిందెలు తెచ్చి ర్యాంపు మీద వేసుకుని కూర్చున్నారు. బుచ్చమ్మ మధ్యలో కూర్చుని మల్లెపూలు కడుతోంది. ఇదేం పని అని హనుమాండ్లు అడిగితే తల ఎత్తకుండానే చెప్పింది.

"నీ గోడ ఉంటే వానకు మేం ఇల్లిడిచి రావాల్సిందే పటేలా. వచ్చేది నీ తానికే. గందుకే ముందుగాల్నే వచ్చినం."

పోలీసులు వచ్చి, మాట్లాడి, వెళ్ళారు. ఇన్‌స్టిట్యూట్ పిల్లలు చాపల మధ్య నుంచి అడుగులు చూసుకుంటూ క్లాసులకు దిగేవాళ్ళు. మొదట విసుక్కున్నారు. తర్వాత కొందరు ఆడపిల్లలు టిఫిన్ బాక్సులు అక్కడే విప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. వరదలో హాస్టల్ మునిగి పుస్తకాలు పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. హనుమాండ్లు మనుషులు ఆ ఆడవాళ్ళను లాగేస్తామంటే అతనే వద్దన్నాడట. బుచ్చమ్మను నీళ్ళలోంచి మోసుకొచ్చిన మనిషి, ఇప్పుడు ఏ మొహంతో లాగించగలడు? ఆఫీసు అయ్యాక నేనూ పోయి వాళ్ళతో కూర్చునేదాన్ని. ఆఫీసు మనిషి అట్లా కూర్చోకూడదని రామ్మోహనరావు గారు ఒకసారి చెప్పారు. రెండోసారి చెప్పలేదు.

మే నెలాఖర్లో కాంప్లెక్స్ బోరు మోటారు కాలింది. మా షాపుకే తెచ్చారు, చుట్టుపక్కల నాన్నంత బాగా చుట్టేవాళ్ళు లేరు. ఫహాద్ వెనక్కి పంపమన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. మోటారుకు ఏం పాపం అన్నాడు. కానీ తయారయ్యాక పనివాళ్ళకు ఇవ్వకుండా, హనుమాండ్లునే వచ్చి తీసుకుపొమ్మని కబురు పెట్టాడు. అతను వస్తే స్టూలు షాపులో వేయలేదు. ఇంటి లోపలి నుంచి తీసుకుపోయి, గది ఉండిన చోట, విరిగిన అంచు మీద వేశాడు. అక్కడ కూర్చుంటే నాలా మొత్తం కనబడుతుంది. పైనుంచి వచ్చే వెడల్పు, మా వైపు తెరిచిన చోటు, ఎదురుగా నాలాలోకి పొట్ట తోసుకొచ్చిన ర్యాంపు గోడ.

నేను ఇంట్లోనే ఉన్నాను. హనుమాండ్లు ఎదురుగా తన గోడను చూస్తూ కూర్చున్నాడు. చివరికి హనుమాండ్లే అన్నాడు, ఇంతకాలం దోస్తానా ఉండి నన్ను నలుగుర్లో నిలబెట్టినవు కదా అని.

"దోస్తానా ఉందనే ఇక్కడ కూర్చోబెట్టిన," అన్నాడు నాన్న. "మనిద్దరం ఒక్క తాడు కట్టుకుని దిగినం. మళ్ళ దిగాలంటే నాకు వయసు అయింది."

హనుమాండ్లు లేచి, మోటారు ఆటోలో వేయించుకుని పోయాడు. ఆ రోజు వెనక్కి తిరిగి చూడలేదు.

పెళ్ళి జూన్ మొదటివారంలో జరిగింది. ముందు హాలుకు అడ్డంగా అమ్మ పరదా కట్టింది. ఆ పరదా వెనక జువేరియాకు, ఫహాద్‌కు చోటు. జువేరియా మంచిపిల్ల. రాగానే గది సంగతి అడగలేదు. వంటింట్లో నా పక్కన కూర్చుని, నాలాలో దిగేటప్పుడు భయం వేయదా అని అడిగింది. వేస్తుందని చెప్పాను. అమ్మ వింటూనే ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ రోజు నా కంచంలో కూర రెండుసార్లు వేసింది.

తొలకరి రెండు చినుకులు పడ్డాక, ఒక సోమవారం పొద్దున ర్యాంపు దగ్గర పెద్ద యంత్రం చప్పుడు వినబడింది. మా ఆఫీసుది కాదు. హనుమాండ్లు సొంత మనుషులు, సొంత యంత్రం. కేసు వెనక్కి తీసుకున్నాడని తర్వాత తెలిసింది. ఎందుకు తీసుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆడవాళ్ళు కదలరని ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఖాళీ చేస్తామన్నారని కొందరంటారు. అమ్మ మాత్రం ఆ స్టూలు మీద కూర్చోబట్టే అంటుంది. బుచ్చమ్మ వాళ్ళు చాపలు చుట్టుకుని పక్కకు తప్పుకుని, గోడ పడుతుంటే నిలబడి చూశారు. హనుమాండ్లు తన జీపులోంచి దిగలేదు. నాతో ఆ తర్వాత ఎన్నడూ మాట్లాడలేదు. నాన్నతో మళ్ళీ మాటలు కలవడానికి చాలా కాలం పట్టింది.

గోడలు పడ్డాక రామ్మోహనరావు గారు దగ్గరుండి నాలా అడుగు చదును చేయించారు, రెండు వైపులా గట్లకు రాయి పేర్పించారు. ఆగస్టులో పెద్ద వానే పడింది. పోయినేటి అంత కాదు, కానీ భయపెట్టేంత. మధ్యాహ్నం నుంచి గల్లీ జనమంతా గట్టున గొడుగులు పట్టుకుని నిలబడ్డారు. నీళ్ళు బురద రంగులో, కొమ్మలు, ప్లాస్టిక్ డబ్బాలు, ఎవరిదో చెప్పు మోసుకుంటూ వచ్చాయి. గొంతు ఉన్న చోట ఒక్క క్షణం పొంగి, ఆగకుండా కల్వర్టులోకి పోయాయి. పల్లపు గల్లీలో చీలమండల దాకా వచ్చి నిలిచాయి. ఎవరూ ఇల్లు వదలలేదు. బుచ్చమ్మ తన గుడిసె గుమ్మంలో నిలబడి చాలాసేపు నీళ్ళ వైపు చూసి, లోపలికి పోయి పొయ్యి రాజేసుకుంది. నాకు కాస్త గర్వంగానే అనిపించింది. కాదనను.

నెల తిరక్కుండానే నా కాంట్రాక్టు ముగిసిందన్నారు. పొడిగించలేదు. కారణం చెప్పలేదు, నేనూ అడగలేదు. రామ్మోహనరావు గారు బయటి గేటు దాకా నడిచి వచ్చి, ఇంకా కొలవాల్సినవి చాలా ఉండిపోయాయమ్మా అన్నారు. అవును సార్, ఉండిపోయాయి అన్నాను.

ఇంట్లో కూర్చున్న మూడోనాడో నాలుగోనాడో, పంజగుట్ట నాలా పక్క బస్తీ నుంచి ఆడవాళ్ళు మా షాపు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ దగ్గర కొత్తగా ఎవరో గోడ లేపుతున్నారట. నాలాలు కొలిచే పిల్ల ఇక్కడే ఉంటుందని విన్నారట.

"మా దిక్కు సుత జర వచ్చి చూడాలె అమ్మా," అంది వాళ్ళలో పెద్దావిడ.

నాకు ఇప్పుడు ఉద్యోగం లేదు, నేను కొలిస్తే అది సర్కారు కొలత కాదు, ఎవరూ లెక్కచేయరని విడమరిచి చెప్పాను. ఆవిడ అంతా విన్నది. ఉద్యోగం ఉన్నోళ్ళు ఎవ్వరూ వస్తలేరు గదా అన్నది. నాన్న మోటారు మీద నుంచి తల ఎత్తలేదు. అమ్మ లోపలి నుంచి, పోయేదేదో అన్నం తిని పొమ్మంది. నేను బూట్లు వేసుకుంటుంటే పరదా కదిలింది. ఏప్రిల్ నుంచి నాతో ఒక్క మాట మాట్లాడని ఫహాద్ బయటికి వచ్చి, గోడకు ఆనించిన స్కూటర్ తీసి, కిక్కు కొట్టి నా ముందు ఆపాడు.

"ఎక్కు," అన్నాడు.